రెండు సూదుల కుట్టు

కిందటి సంచికలో జిప్పులు, రన్నర్ల గురించి రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగం ఖరీదైన తోలు బ్యాగుల గురించే. ముఖ్యంగా పారిస్ కంపెనీ హెర్మెస్ గురించి. ఫ్రెంచివాళ్లు ‘ఎర్మెస్’ అంటారు. మన దగ్గర అందరి నోటా హెర్మెస్సే కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి, చివరిదానికి జవాబులు కాస్త పొడుగు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వయసు 36. హెర్మెస్ బ్యాగ్ కొనుక్కోవాలని పదేళ్లుగా కోరిక. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి ఉందని తెలిసింది, అదీ లక్షల్లోనే. మావారు “ఆ డబ్బుతో బంగారం కొనుక్కో, రేపు అవసరమైతే కరిగించుకోవచ్చు” అంటున్నారు. అంత పాత కంపెనీ మీద జనానికి ఇన్నేళ్లుగా మోజు ఎందుకు తగ్గలేదు? ఆ బ్యాగులో నిజంగా ఏముంది?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: అమ్మా, ముందు మా నాన్న గురించి చెప్పనివ్వండి. మీరు అడిగినదానికి జవాబు నాకు ఆయన దగ్గరే దొరికింది.

మా నాన్న టాంగా గుర్రాలకు జీన్లు, కళ్లేలు, పగ్గాలు కుట్టేవాడు. సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో ఆరడుగుల కొట్టు మాది. ఎనిమిదేళ్ల వయసు నుంచే బడి వదలగానే ఆయన పక్కన కూర్చుని దారానికి తేనెమైనం పట్టించేవాణ్ణి. దారం ఒకటే, దాని రెండు కొసలకూ రెండు సూదులు. ఆరెతో తోలుకు బెజ్జం పెట్టాలి. ఆ ఒక్క బెజ్జంలోంచే ఒక సూది ఇటు నుంచి అటు పోతుంది, రెండోది అటు నుంచి ఇటు వస్తుంది. అప్పుడు రెండు చేతులా ఒకేసారి లాగి బిగించాలి. నా చేతిలో బిగువు తగ్గితే నాన్న మాట్లాడకుండా మొత్తం విప్పేసి మళ్లీ నా ఒళ్లో పెట్టేవాడు. “గుర్రం పరుగులో ఉండగా పగ్గం ఊడితే బండిలో ఉన్నవాళ్లు పోతారురా” అనేవాడు.

మిషన్ కుట్టుకూ దీనికీ తేడా చిన్నదే, కానీ బ్యాగ్ ఎన్నేళ్లు ఉంటుందో దాన్నిబట్టే ఉంటుంది. మిషన్ కుట్టులో పై దారం, కింద దారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. ఒకచోట తెగితే అక్కణ్ణుంచి వరసగా ఊడొస్తుంది. మీ పాత హ్యాండ్‌బ్యాగ్ పట్టీ దగ్గర ఈపాటికి చూసే ఉంటారు. రెండు సూదుల కుట్టులో ప్రతి బెజ్జం గుండా రెండు పోగులు పోతాయి. ఒకటి అరిగి తెగినా రెండోది పట్టు వదలదు.

ఇక మీ కంపెనీ సంగతి. 1837లో తియెరీ హెర్మెస్ పారిస్‌లో కొట్టు పెట్టింది బ్యాగుల కోసం కాదు. గుర్రబ్బండ్లకు కావలసిన పగ్గాలు, పట్టాల కోసం. అంటే మా నాన్న చేసిన పనే. 1880లో ఆయన కొడుకు కొట్టును ఫోబోర్ సెంట్ ఒనొరే వీధిలోని 24వ నంబరుకు మార్చి, జీన్లు కూడా కుట్టించడం మొదలుపెట్టాడు. వాళ్ల పెద్ద దుకాణం ఇప్పటికీ అక్కడే ఉంది. తర్వాత మోటారు కార్లు వచ్చాయి. బగ్గీలు పోతున్నాయి, ఇక పగ్గాలు కొనేదెవరు? తియెరీ మనవడు ఎమిల్ కెనడా వెళ్లినప్పుడు కారు టాపుకు పెట్టిన జిప్పును చూశాడు. ఫ్రాన్స్‌లో దాన్ని వాడుకునే హక్కులు సంపాదించుకుని వచ్చాడు. పెట్టెలు, సంచులు, పర్సుల వైపు మళ్లారు. సరుకు మారింది కానీ ఆరె, మైనం దారం, రెండు సూదులు మాత్రం మారలేదు. నాకు ఆ కంపెనీ మీద గౌరవం పుట్టింది ఇక్కడే.

మా కొట్టుకూ అదే కష్టం వచ్చింది. ఆటోలు పెరిగాక నాంపల్లి స్టేషన్ ముందు టాంగాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నాన్న కొన్నాళ్లు మలక్‌పేట రేసు గుర్రాల జీన్లు బాగుచేశాడు. తర్వాత బడి సంచులు, ఆఫీసు బ్యాగులు కుట్టాడు. ఆయన కుట్టిన ఆఫీసు బ్యాగ్ ఒకటి ఇప్పటికీ రిపేరుకని నా దగ్గరికి వస్తుంది. పట్టీ రెండుసార్లు మార్చాను, కుట్టు ముట్టుకునే పని పడలేదు.

హెర్మెస్‌వాళ్ల బిర్కిన్ బ్యాగ్ పుట్టిన కథ మీకు తెలిసే ఉంటుంది. పారిస్ నుంచి లండన్ వెళ్లే విమానంలో నటి జేన్ బిర్కిన్, కంపెనీ పెద్ద జాన్ లూయి ద్యుమా పక్కపక్కన కూర్చోవడం, పసిబిడ్డ తల్లికి పనికొచ్చే బ్యాగ్ దొరకడం లేదని ఆమె అనడం, ఆయన అప్పటికప్పుడే బొమ్మ గీయడం. 1984లో అది తయారైంది. దాని ఆకారం 1900 ప్రాంతంలో రౌతులు జీను, బూట్లు పెట్టుకోవడానికి చేసిన ఎత్తయిన సంచి నుంచి వచ్చింది. నాకు మాత్రం ఆ తర్వాతి కథే ఇష్టం. జేన్ తన బ్యాగును బీరువాలో దాచుకోలేదు. రోజూ మోసింది. మీద స్టిక్కర్లు అంటించింది, గోళ్లు కత్తిరించుకునే కట్టర్‌ను దానికే వేలాడదీసింది. 1994లో ఎయిడ్స్ బాధితుల సాయం కోసం వేలానికి ఇచ్చేసింది. అదే బ్యాగ్ 2025 జూలైలో పారిస్ సదబీస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. గీతలు, మరకలు, స్టిక్కర్ల గుర్తులు అన్నీ దాని మీద ఉండగానే.

ఆరేళ్ల కిందట బంజారాహిల్స్ నుంచి ఒకావిడ తన తల్లి వాడిన కెల్లీ బ్యాగ్ తెచ్చింది. 1956లో మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ గర్భవతిగా ఉండి, ఫొటోగ్రాఫర్లకు కనపడకుండా పొట్టకు అడ్డం పెట్టుకున్న బ్యాగ్, ఆ రకం. కంపెనీ దానికి ఆ పేరు అధికారికంగా పెట్టింది 1977లో. కంపెనీకే పంపండమ్మా, వాళ్లు తమ పాత బ్యాగులు బాగుచేస్తారు అన్నాను. అమ్మ వస్తువును దేశం దాటించనంది. హ్యాండిల్ కింద ఒకవైపు పోగు పూర్తిగా అరిగిపోయింది. నాలుగు కుట్లు విప్పి చూస్తే లోపల రెండో పోగు బిగువు సడలకుండా ఉంది. ఆ బిగువు నా వేళ్లకు తెలుసు. ఆ పూట ఇంకో పని చెయ్యలేకపోయాను.

ధర విషయం కూడా దాచకుండా చెప్తాను. ఒక బ్యాగును మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి కుడతాడు. కెల్లీ లాంటిదానికి పదిహేను ఇరవై గంటలు పడుతుంది. అలా కుట్టే చెయ్యి తయారవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఎప్పుడూ కొరత, ఆ కొరతను కంపెనీ కూడా జాగ్రత్తగా కాపాడుకుంటుంది. మీరిచ్చే లక్షల్లో పేరు వాటా పెద్దదే, కుట్టు వాటా చిన్నది. కానీ ఆ పేరు ఇన్నేళ్లు నిలబడింది ఆ చిన్న వాటా వల్లే. కుట్టు వదిలేసి పేరు మాత్రం ఉంచుకున్న కంపెనీల బ్యాగులు నా బల్ల మీద చాలా చూశాను. అవి కొన్నవాళ్లు మళ్లీ ఆ పేరు తలుచుకోరు.

మీవారు బంగారం గురించి అన్నది సబబే. కష్టకాలంలో ఆదుకునేది బంగారమే, బ్యాగును కరిగించలేం. కాకపోతే దీన్ని విప్పి కుట్టుకోవచ్చు, మీ అమ్మాయి చేతికి ఇవ్వొచ్చు. అప్పు చేసి, ఈఎంఐ పెట్టి మాత్రం కొనకండి. సొంత డబ్బయితే, వానకు భయపడి ఇంట్లో దాచకుండా వాడుకునేటట్టయితే కొనుక్కోండి. సెకండ్ హ్యాండ్ కాబట్టి ఫొటోలు చూసి డబ్బు పంపొద్దు. వస్తువు చేతికి తీసుకోండి. బయటి కుట్లు గీత గీసినట్టు కాకుండా కొద్దిగా వాలుగా ఉండాలి. అంచుల రంగు పెచ్చులు లేవకూడదు. హ్యాండిల్ మొదట్లో తోలు పగిలిందేమో చూడండి. అన్నీ బాగున్నా తెలిసినవాళ్లకు చూపించకుండా నమ్మొద్దు. ఈమధ్య నకిలీలు కూడా చేత్తోనే కుడుతున్నారు.

ప్రశ్న: పెద్ద బ్రాండ్ ‘ఫస్ట్ కాపీ’ బ్యాగ్ ఆరు వేలకు కొన్నాను. అచ్చం అసలుదానిలాగే ఉండేది. రెండు వానాకాలాలకే పైపొర పొరలు పొరలుగా ఊడిపోతోంది. పాలిష్ పెడితే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తగ్గదు తల్లీ. అది తోలు కాదు, గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్ పొర. మనం వాడుకలో రెగ్జిన్ అంటాం, ఇప్పుడు పీయూ అని అమ్ముతున్నారు. గాలిలోని తేమ ఆ పొరను లోపలి నుంచే విరగ్గొడుతుంది. వాడినా, బీరువాలో పెట్టినా అంతే. ఊడిన పొరను అతికించే మందు లేదు. ఎవరైనా చేస్తామని డబ్బడిగితే ఇవ్వకండి. అదే ఆరు వేలకు పేరులేని మంచి తోలు బ్యాగ్ వస్తుంది. లోపలి అంచు చూడండి, పీచు కనిపిస్తే తోలు. గుడ్డ నేత కనిపిస్తే వదిలేయండి.

ప్రశ్న: మావారు 1980లలో మద్రాసులో కొన్న గోధుమరంగు తోలు బ్యాగ్ ఇరవై ఏళ్లు ఆఫీసుకు తీసుకెళ్లారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టాను. మొన్న తీస్తే తెల్లగా బూజు, ఇత్తడి బకిళ్ల చుట్టూ పచ్చగా ఏదో పేరుకుంది. కొబ్బరినూనె రాయమని ఒకరు, ఎండలో పెట్టమని ఒకరు అంటున్నారు. బ్యాగ్ పాడు చేసుకున్నానేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీరు పాడు చెయ్యలేదు. బూజు పైనే ఉంటుంది, మీరు చెప్పినదాన్నిబట్టి తోలు బతికే ఉంది. కొబ్బరినూనె వద్దు, ఎండ అసలే వద్దు. నూనె లోపలికి ఇంకి కొన్నాళ్లకు ముక్కవాసన వేస్తుంది, మళ్లీ బూజును పిలుస్తుంది. ఎండకు తోలు అప్పడంలా బిరుసెక్కి పగులుతుంది.

బ్యాగును బాల్కనీలోకి తీసుకెళ్లండి. ఇంట్లో దులిపితే ఆ బూజు పక్కనున్న చెప్పులకూ పర్సులకూ పాకుతుంది. పొడి నూలుగుడ్డతో తుడవండి, ఆ గుడ్డ పారేయండి. సర్జికల్ స్పిరిట్, నీళ్లు సమంగా కలిపి ఇంకో గుడ్డను తడిపి గట్టిగా పిండండి. అడుగున కనపడని మూల రుద్ది చూడండి. రంగు గుడ్డకు అంటుకుంటే అక్కడే ఆపి నాలాంటివాడి దగ్గరికి తీసుకెళ్లండి. అంటుకోకపోతే బ్యాగంతా తేలిగ్గా తుడిచి, మూత తెరిచి నీడలో, గాలి తగిలేచోట రెండు రోజులు ఉంచండి. ఆరాక లెదర్ క్రీమ్ పల్చగా పట్టించండి.

బకిళ్ల చుట్టూ ఉన్న పచ్చటిది చిలుము. తోలులోని కొవ్వుకూ ఇత్తడికీ ఏళ్ల తరబడి పొత్తు కుదిరితే వస్తుంది. పొడి టూత్‌బ్రష్‌తో గోకితే చాలు. ఇత్తడి కదా అని చింతపండు పెట్టొద్దు, ఆ పులుపు తోలును తినేస్తుంది.

ఇక ప్లాస్టిక్ కవర్ తీసేయండి. తోలుకు గాలి కావాలి. పాత నూలు దిండుగలీబులో పెట్టండి, ఆకారం నిలవడానికి లోపల ఉతికిన పాత నూలు చీర మడిచి ఉంచండి. న్యూస్‌పేపర్ వద్దు, అచ్చు అంటుకుంటుంది. వానాకాలంలో పదిహేను రోజులకోసారి తీసి గంటసేపు గాలికి పెట్టండి. అటక మీద కాదు, మీకు కనపడేచోట పెట్టుకోండి. కూరగాయలకు తీసుకెళ్లినా తప్పులేదు. అడుగు తోలు పల్చబడినచోట ఆయన ఏళ్ల తరబడి టిఫిన్ బాక్స్ పెట్టుకున్న గుర్తు ఉంటుంది చూడండి. ఎవరైనా దాన్ని సాపు చేస్తామన్నా చేయించకండి.

ప్రశ్న: లూయి వితాన్ బ్యాగులు కూడా పాత కంపెనీవే కదా. ఆ అక్షరాలు, పువ్వులు ఉన్న గోధుమరంగు బ్యాగ్ ఏ జంతువు తోలు?
– ఒక విద్యార్థిని, విద్యానగర్

జవాబు: ఆ పువ్వుల భాగం తోలు కాదమ్మా. నీళ్లు దిగకుండా పైన పూత వేసిన కాన్వాస్ గుడ్డ. 1854లో మొదలైన ఆ కంపెనీ ఓడల్లో, రైళ్లలో పంపే పెట్టెలతో పేరు తెచ్చుకుంది. పెట్టె తేలిగ్గా ఉండాలి, తడిసినా సామాను పాడవకూడదు, అందుకని గుడ్డ. పువ్వుల డిజైన్ 1896 నాటిది. హ్యాండిళ్లు, అంచులు మాత్రం నిజమైన ఆవుతోలు. దానికి రంగు వెయ్యరు. కొత్తలో గంధం రంగులో ఉండి, చేతి చెమటకు, ఎండకు తేనెరంగుకు తిరుగుతుంది. దాన్ని మురికి అనుకుని సబ్బుతో రుద్దేవాళ్లున్నారు, మీరు రుద్దకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. వీడియోలు చూసి తోలు పర్సులు కుడుతున్నాడు. చాలా బాగా కుడతాడు. చదువయ్యాక ఇదే పని చేస్తానంటున్నాడు. “ఇంత చదివించి తోలు ముట్టించడమేమిటి” అని మా అన్నదమ్ములు గొడవ. నాకూ ఎటూ తేలడం లేదు. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: అన్నా, ఈ ఉత్తరం నా జేబులో వారం రోజులు ఉంది.

మా తాత నల్లగొండ వైపు ఒక ఊళ్లో లంద నడిపాడు. లంద అంటే పచ్చితోలును పదును చేసే చోటు. సున్నం నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును సంచిలా కుట్టి, చెట్టుకొమ్మకు వేలాడదీసి, అందులో తంగేడు చెక్క కషాయం పోసేవాడు. ఆ కషాయం తోలు పీచులోకి దిగితేనే అది కుళ్లకుండా ఏళ్లు నిలుస్తుంది. దానికి రోజులు, వారాలు పట్టేవి. పదును సరిపోయిందో లేదో తాత బొటనవేలితో నొక్కి చెప్పేవాడట. మనం బతుకమ్మలో పేర్చే తంగేడే అది. ఊరు పొలానికి నీళ్లు తోడిన మోట బొక్కెన తాత చేసిందే, ఊరంతా తొడిగిన చెప్పులు తాత చేసినవే, పండగకు మోగిన డప్పు తోలూ ఆయనదే. ఆయనకు మాత్రం మంచినీళ్లు ఎత్తి దోసిట్లో పోసేవాళ్లు.

తంగేడు, కరక్కాయలతో పదును చేసిన దక్షిణాది తోళ్లు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ‘ఈస్ట్ ఇండియా లెదర్’ అన్న పేరుతో యూరప్ వెళ్లేవి. అక్కడ వాటితో చెప్పులు, సంచులు కుట్టి తమ పేర్లు ముద్రించుకున్నారు. పదును చేసినవాడి పేరు ఎక్కడా లేదు. పారిస్ పేరున్న తోలు సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఇళ్లలోనే, నేను రిపేరుకు వెళ్తే కుర్చీ చూపించనివాళ్లను ఈ నగరంలో చూశాను. మీ అన్నదమ్ముల మీద కోపంతో చెప్పడం లేదు. వాళ్లు ముట్టొద్దంటున్న వస్తువును ఫ్రాన్స్‌లో ఆరు తరాలుగా ఒక కుటుంబం తలెత్తుకుని చేస్తోంది. 2021లో వాళ్లు ఈ పని నేర్పడానికి సొంత బడి కూడా తెరిచారు. అక్కడ ఇది నేర్చుకోవాల్సిన విద్య.

మన దేశంలోనూ దారి లేకపోలేదు. 1978లో దిలీప్ కపూర్ పుదుచ్చేరిలో చిన్న వర్క్‌షాప్‌గా మొదలుపెట్టిన హైడిజైన్, చెట్టు బెరడుతో పదును చేసిన తోలునే నమ్ముకుని పెరిగింది. చదువు ఆపించకండి, మిగిలిన ఏడాది పూర్తి చెయ్యనివ్వండి. ఆ తర్వాత మన రాయదుర్గంలోనే ఎఫ్‌డీడీఐ క్యాంపస్ ఉంది, చెప్పులు, తోలు వస్తువుల డిజైన్ నేర్పుతారు. తోలు శాస్త్రం లోతుగా కావాలంటే చెన్నై అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ ఉంది, 1948 నుంచి నడుస్తోంది. ఇంజనీరింగ్ చదివిన పిల్లవాడికి అక్కడి రసాయనాలు, యంత్రాలు కొత్తగా అనిపించవు.

డబ్బు విషయంలో ఆశ పెట్టను. మొదటి మూడు నాలుగేళ్లు చేతికి మిగిలేది తక్కువ. నాకూ అలాగే గడిచింది. రిపేర్లు చేస్తూ నేర్చుకున్నవాడికి పూట గడుస్తుంది, పర్సులు మాత్రమే కుట్టేవాడికి కష్టం. అందుకే పాత బ్యాగులు విప్పడం ముందు నేర్చుకోవాలి. ఇంకొకరు ఎక్కడ దారం ఆదా చేశారో, ఎక్కడ జిగురుతో సరిపెట్టారో విప్పితేనే తెలుస్తుంది.

శనివారాలు మా కొట్టుకు పంపండి. అడ్రస్ పత్రికవాళ్లు ఇస్తారు. మీరూ రండి, మీ అన్నదమ్ములు వస్తానంటే వాళ్లనూ తీసుకురండి, టీ తాగుదాం. అబ్బాయికి మొదటి నెల పర్సులేమీ ఉండవు. ఒక తోలు పట్టీ, రెండు సూదులు ఇస్తాను. అంగుళానికి ఎనిమిది కుట్లు వెయ్యాలి. మా నాన్న ఆరె వాడి కోసం సానబెట్టి ఉంచుతాను. పిడి కాస్త చిన్నది, మొదట్లో అరచెయ్యి బొబ్బలెక్కుతుందని చెప్పండి.